పిల్లి అంటే చిన్న కుక్క కాదు: అఫ్జల్‌గంజ్ ప్రయోగాల నుంచి మన ఫోన్‌లోని కార్ట్ దాకా

ఈరోజు ఎపిసోడ్ ఒక కన్ఫెషన్‌తో మొదలుపెడతా. నేను బీటెక్ చదివినోడిని, నాలుగేళ్ళు కోడ్ రాసినోడిని, ప్రతి ఆర్డర్‌కీ రివ్యూలు చదివి కొనేవాడిని. అలాంటి నేను ఒక ఆన్‌లైన్ ఆర్డర్‌తో మా పిల్లిని దాదాపు చంపేశా. ఆ రాత్రి ఏం జరిగిందో ముందు చెప్తా. తర్వాత 130 ఏళ్ళు వెనక్కి, మన హైదరాబాద్‌లోనే ఒక ఆస్పత్రికి తీసుకెళ్తా. ఈ రెండింటికీ లింక్ ఏంటో చివరికి మీకే అర్థమవుతుంది.

మాది ఓల్డ్ సిటీ, గౌలిపురా. లాల్ దర్వాజా బోనాలకు మా గల్లీ మొత్తం జనంతో నిండిపోద్ది. వర్క్ ఫ్రమ్ హోమ్ టైమ్‌లో మా ఇంటికి ఒక తెల్ల పిల్లి వచ్చి చేరింది. పేరు మలాయి. మూడున్నర కేజీలు ఉంటుంది. వానాకాలంలో దానికి గోమార్లు పట్టినయ్, రోజంతా గోక్కుంటూనే ఉంది. నేనేం చేశా? ఫోన్ తీశా, సెర్చ్ చేశా. మెడ మీద వేసే చుక్కల మందు కనిపించింది. టైటిల్‌లో పెట్స్ అన్నిటికీ అని రాసి ఉంది. నాలుగున్నర స్టార్లు. డిస్కౌంట్ కూడా. కొట్టేశా ఆర్డర్.

పార్సిల్ వచ్చింది. డబ్బా మీద కుక్క బొమ్మ. పది నుంచి ఇరవై కేజీల కుక్కలకు అని రాసుంది. అప్పుడు నాలోని ఇంజనీర్ నిద్ర లేచాడు. మనది మూడున్నర కేజీలు కదా, డోసులో నాలుగో వంతు వేస్తే సరిపోద్ది అని లెక్క కట్టా. త్రైరాశికం, సింపుల్! లోపల ఉన్న కాగితం మడత కూడా విప్పలేదు. పిల్లులకు వాడొద్దు అని దాంట్లో చిన్న అక్షరాల్లో ఉందని తర్వాత తెలిసింది.

సాయంత్రం వేశా. రాత్రి పదింటికి మలాయి చెవులు అదరడం మొదలైంది. తర్వాత కాళ్ళు. తర్వాత ఒళ్ళంతా వణుకు. అమ్మ చూసి, "ఏం పోసినవ్‌రా దానికి?" అని ఒకటే అరుపు. టవల్‌లో చుట్టుకుని రోడ్డు మీదికి ఉరికినం. ఆటో భాయ్ మీటర్ గురించి మాట్లాడనే లేదు. చార్మినార్, మదీనా, నయాపూల్ దాటి మూసీ అవతల తెలిసిన ఒక క్లినిక్‌కి తీసుకుపోయాడు. నయాపూల్ మీద ఉండగా పక్కన ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు చీకట్లో కనిపించినయ్. ఆ సీన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

డాక్టర్ మేడమ్ ముందు డబ్బా అడిగింది. అదృష్టం, జేబులో ఉంది. చూసింది. "పెర్మెత్రిన్" అంది. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో మందు మొత్తం కడిగించింది. వణుకు తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చింది. రాత్రంతా అక్కడే పెట్టుకుంది. నేను మెల్లగా, "మేడమ్, డోసు నాలుగో వంతే వేశా" అన్నా. ఆమె ఒకటే మాట అంది: "బాబూ, పిల్లి అంటే చిన్న కుక్క కాదు."

మలాయి బతికింది. ఇప్పుడు కూడా ఈ మైక్ స్టాండ్ పక్కనే పడుకుని ఉంది. కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకు కాదు? బరువుని బట్టి లెక్క కడితే ఎందుకు తప్పయింది? అది వెతుక్కుంటూ పోతే నాకు దొరికింది మన ఊరి చరిత్రే. ఆ రాత్రి ఆటోలో నేను దాటిన ఆ చోటే.

సో, ఇప్పుడు 1888కి వెళ్దాం. గద్దె మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి. ఇప్పుడు మనం చూసే ఉస్మానియా బిల్డింగ్ అది కాదు. పాత ఆస్పత్రి 1908 సెప్టెంబర్‌లో వచ్చిన మూసీ వరదలో కొట్టుకుపోయింది. అదే వరదలో అక్కడి చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ కథ మీలో చాలామందికి తెలుసు. ఇప్పటి బిల్డింగ్ ఆ తర్వాత కట్టింది.

అప్పట్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్ అని ఒకటి ఉండేది. 1846లో మొదలైంది. 1880ల్లో దాని ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ అనే ఇంగ్లిష్ సర్జన్. ఎడిన్‌బరోలో చదివినోడు. ఈయనకి ఒక మందు మీద అపారమైన నమ్మకం. ఆ మందు పేరు క్లోరోఫామ్.

క్లోరోఫామ్ అంటే సినిమాల్లో విలన్ కర్చీఫ్‌లో పోసి ముక్కుకి పెడతాడే, అదే. 1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ దాన్ని ఆపరేషన్లకి, కాన్పులకి మత్తుమందుగా తెచ్చాడు. మత్తుమందులు రాకముందు ఆపరేషన్ అంటే మనిషిని నలుగురు పట్టుకుని కోయడమే. కాబట్టి జనానికి ఇది దేవుడిచ్చిన వరంలా అనిపించింది. కానీ మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆపరేషన్ దేనికో తెలుసా? కాలి గోరు తీయడానికి. క్లోరోఫామ్ ఇచ్చిన రెండు మూడు నిమిషాల్లో ప్రాణం పోయింది.

అక్కడి నుంచి పెద్ద గొడవ. ఒక వర్గం, క్లోరోఫామ్ కొందరిలో నేరుగా గుండెనే ఆపేస్తుంది, జాగ్రత్త అంది. ఇంకో వర్గం, అలా ఏం లేదు, ముందు ఆగేది ఊపిరి, ఊపిరిని గమనిస్తూ ఉంటే చాలు, గుండెకి ఏం కాదు అంది. లారీ రెండో వర్గం. గట్టి రెండో వర్గం.

దాన్ని రుజువు చేయడానికి 1888లో ఆయన హైదరాబాద్‌లో ఒక కమిషన్ పెట్టాడు. దాన్నే మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ అంటారు. ప్రయోగాలు దేని మీద? మన ఊరి వీధి కుక్కల మీద. వాటికి చచ్చేదాకా క్లోరోఫామ్ ఇచ్చి, ఏది ముందు ఆగింది, ఊపిరా, గుండెనా అని చూశారు. ఊపిరే ముందు ఆగింది అని తేల్చారు. లండన్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఉంది, ఇప్పటికీ ఉంది, వాళ్ళు దీన్ని నమ్మలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. మీరే ఒక నిపుణుడిని పంపండి, ఖర్చు మేం పెట్టుకుంటాం అని వెయ్యి పౌండ్లు ఇచ్చింది. 1889లో వెయ్యి పౌండ్లంటే చిన్న మాట కాదు.

లాన్సెట్ వాళ్ళు థామస్ లాడర్ బ్రంటన్‌ని పంపారు. గుండె మందుల మీద అప్పట్లో చాలా పెద్ద పేరు. ఆయన వచ్చేటప్పుడు నమ్మింది లారీకి రివర్స్, అంటే క్లోరోఫామ్ గుండెని ఆపగలదు అని. 1889 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రెండో కమిషన్ పనిచేసింది. ఈసారి కుక్కలే కాదు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు, గుర్రాలు కూడా. అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా ప్రాణాలు. బీపీ కొలిచే యంత్రాలు పెట్టి, గీతలు గీయించి, వాటికి ఫోటోలు తీసి మరీ పక్కాగా చేశారు. ఇంకో మాట: లారీ శిష్యుల్లో రూపాబాయి ఫుర్దూన్‌జీ అనే ఆమె ఉంది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా ఆమె పేరు చెప్తారు. మన హైదరాబాద్ అమ్మాయి.

ఫలితం? బ్రంటన్ మనసు మార్చుకున్నాడు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల, ఎక్కువ డోసు వల్లే తప్ప నేరుగా గుండెకి ఏం కాదు అని లండన్‌కి టెలిగ్రామ్ కొట్టాడు. 1890లో రిపోర్ట్ వచ్చింది. మూసీ ఒడ్డున ఉన్న ఒక ఆస్పత్రి పేరు ప్రపంచంలోని డాక్టర్లందరికీ తెలిసింది.

కథ ఇక్కడ అయిపోతే హ్యాపీ ఎండింగ్. కానీ అవ్వలేదు. ఎందుకంటే ఆపరేషన్ టేబుళ్ళ మీద క్లోరోఫామ్‌తో మనుషులు హఠాత్తుగా చనిపోవడం ఆగలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్ ఇంగ్లండ్‌లో పిల్లుల మీద ప్రయోగాలు చేసి అసలు సంగతి బయటపెట్టాడు. క్లోరోఫామ్ తేలిగ్గా, కొంచెంగా ఇచ్చినప్పుడు, అదే టైమ్‌లో ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే, గుండె లయ తప్పి గిలగిలా కొట్టుకుని ఆగిపోతుంది. అడ్రినలిన్ ఎప్పుడు పెరుగుతుంది? భయపడినప్పుడు. కాలి గోరు తీస్తారని వణికిపోతున్న 15 ఏళ్ళ అమ్మాయిని ఒకసారి ఊహించుకోండి.

ఇప్పుడు చూడండి, హైదరాబాద్‌లో నాలుగు వందల జంతువులను చూసి కూడా ఇది ఎందుకు దొరకలేదు? వాళ్ళు మోసం చేయలేదు. రికార్డులు దాచలేదు. వాళ్ళు ప్రధానంగా చూసింది ఎక్కువ డోసు, లోతైన మత్తు. ప్రమాదం దాక్కుంది తక్కువ డోసులో, భయంతో ఉన్న ఒంట్లో. వాళ్ళు కొలిచింది ఒకటి, టేబుల్ మీద జరిగేది ఇంకొకటి. ఒక పరిస్థితిలో సేఫ్ అని తేలినదాన్ని ఇంకో పరిస్థితికి అలాగే కాపీ పేస్ట్ చేశారు.

నేను చేసింది కూడా అచ్చం అదే. కుక్కకి సేఫ్, కాబట్టి నాలుగో వంతు పిల్లికీ సేఫ్. పిల్లి కాలేయం కొన్ని మందులను విరగ్గొట్టి బయటికి పంపే పనిని కుక్కలా, మనిషిలా చేయలేదు. దానికి కావాల్సిన సరంజామా పిల్లి ఒంట్లో చాలా తక్కువ. అందుకే పెర్మెత్రిన్ కుక్కకి గోమార్ల మందు, పిల్లికి విషం. పారాసిటమాల్ మనకి జ్వరం మాత్ర, పిల్లికి ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయొచ్చు. ఇబుప్రోఫెన్ కుక్క కడుపుని, కిడ్నీలను దెబ్బ తీస్తుంది. ఐవర్‌మెక్టిన్ చాలా కుక్కలకు మామూలు మందే, కానీ కోలీ లాంటి కొన్ని జాతుల్లో ఒక జన్యువు మార్పు వల్ల అది నేరుగా మెదడుకి ఎక్కుతుంది. ఆ జన్యువు సంగతి 2001లోనే తెలిసింది. అంటే కుక్కకీ కుక్కకీ మధ్య కూడా తేడా ఉందన్నమాట. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆండ్రాయిడ్ యాప్‌ని సైజు తగ్గించి ఐఫోన్‌లో వేసినట్టు. సైజు కాదు ప్రాబ్లమ్, లోపల సిస్టమే వేరు.

సో ఏ మందుకైనా మూడు ప్రశ్నలు. ఏ జీవికి? ఎంత? ఏ స్థితిలో ఉన్న ఒంటికి? ఈ మూడు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాం.

ఇదేదో పాత కాలం గొడవ అనుకోవద్దు. మన జీవితకాలంలోనే ఇంకా పెద్దది జరిగింది, దాని ఆనవాలు కూడా ఓల్డ్ సిటీలోనే ఉంది. బహదూర్‌పురాలో నెహ్రూ జూ పార్క్. 1963లో తెరిచారు. స్కూల్ పిక్నిక్‌కి వెళ్ళని హైదరాబాదీ ఉండడు. అక్కడ పులులు, తెల్ల పులులు మనకు తెలుసు. కానీ రాబందుల కోసం ఒక పెంపక కేంద్రం కూడా ఉంది. ఒకప్పుడు ఊరి బయట పశువు చస్తే వందల కొద్దీ దిగే రాబందులను ఇప్పుడు జూలో పెట్టి పెంచాల్సి వస్తోంది. ఎందుకు?

కారణం ఒక నొప్పి మందు. డైక్లోఫెనాక్. మనుషులకు, పశువులకు వాడేవాళ్ళు. 1990ల్లో చవగ్గా దొరకడంతో రైతులు కుంటుతున్న ఆవుకి, జ్వరం వచ్చిన గేదెకి వేయించారు. ఆవుకి ఏం కాలేదు. కానీ ఆ ఆవు చనిపోతే, దాన్ని తిన్న రాబందు కిడ్నీలు ఆగిపోయి కొన్ని రోజుల్లోనే చచ్చిపోయింది. మొదట రోగం అనుకున్నారు. 2003లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను పరీక్షించి అసలు కారణం కనిపెట్టింది. 2004లో నేచర్ పత్రికలో వచ్చింది. అప్పటికే చాలా ఆలస్యం. తెల్లవీపు రాబందులు మన దేశంలో 1992 నుంచి 2007 మధ్య 99.9 శాతం తగ్గిపోయినయ్. అంటే వెయ్యి ఉంటే ఒకటి మిగిలింది. రాబందులు పోతే కళేబరాలు మిగిలినయ్, నీళ్ళు పాడైనయ్, కుక్కలు పెరిగినయ్, వాటితో రేబిస్ భయం పెరిగింది. 2000 నుంచి 2005 మధ్య దీనివల్ల దేశంలో సుమారు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు అంచనా వేశారు.

2006లో ప్రభుత్వం పశువుల డైక్లోఫెనాక్‌ని ఆపేసింది. ఇక్కడే మన టాపిక్‌కి అసలు పాఠం ఉంది, జాగ్రత్తగా వినండి. పశువుల సీసా ఆగింది, కానీ మనుషుల సీసా ఆగలేదు. 30 ఎంఎల్ పెద్ద సీసాలు మందుల షాపుల్లో దొరికేవి. మనిషికి ఒక ఇంజెక్షన్‌కి 3 ఎంఎల్ చాలు. మరి 30 ఎంఎల్ ఎవరికి? ఆవుకి. అంటే మనుషుల మందు పక్కదారిలో పశువుల దగ్గరికి పోయింది. 2015లో ప్రభుత్వం 3 ఎంఎల్ దాటిన ప్యాకింగ్‌నే ఆపేయాల్సి వచ్చింది. 2023లో పశువులకు కీటోప్రోఫెన్, ఎసెక్లోఫెనాక్ కూడా బ్యాన్ చేశారు. నిమెసులైడ్‌ది 2024 చివర్లో. మెలాక్సికామ్ లాంటి రాబందులకు హాని చేయని మందు ఉంది కాబట్టి పశువులకు వైద్యం ఆగలేదు.

చట్టం ఒక తలుపు మూస్తే, కొనేవాడు పక్క తలుపు నుంచి వస్తే, ఆ చట్టం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇప్పుడు ఆ పక్క తలుపు మన జేబులో ఉంది. ఆరు అంగుళాల స్క్రీన్.

అసలు మందుల చట్టం ఎందుకొచ్చిందో కూడా రెండు నిమిషాల్లో చెప్తా. 1930లో కల్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన డ్రగ్స్ ఎంక్వైరీ కమిటీ వేశారు. దేశంలో కల్తీ మందులు, బలం లేని మందులు విచ్చలవిడిగా అమ్ముతున్నారని ఫిర్యాదులు. మలేరియాకి క్వినైన్ అని కొంటే అందులో సరైన క్వినైనే ఉండని రోజులవి. ఆ కమిటీ రిపోర్ట్ తర్వాత 1940లో డ్రగ్స్ యాక్ట్ వచ్చింది, 1945లో రూల్స్ వచ్చినయ్. ఇప్పుడు దాన్ని డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్ అంటున్నాం. ఆ చట్టంలో మందు అనే మాటకి అర్థం చెప్పేటప్పుడే మనుషులకు గానీ జంతువులకు గానీ అని రాశారు. అంటే మీ కుక్క మాత్ర బిస్కెట్ ప్యాకెట్ లాంటి వస్తువు కాదు. చట్టం దృష్టిలో అది మందే. అమ్మేవాడికి లైసెన్స్ ఉండాలి. ప్రిస్క్రిప్షన్ మీదే అమ్మాల్సిన మందు అయితే, పశువైద్యుడి చీటీ ఉండాలి.

రూల్స్‌లో నాకు బాగా నచ్చిన చిన్న విషయం ఒకటి ఉంది. జంతువుల మందు డబ్బా మీద, ఇది మనుషులు వాడేది కాదు, జంతువుల వైద్యానికి మాత్రమే అని ఇంగ్లిష్‌లో స్పష్టంగా ఉండాలి. దాంతో పాటు ఒక పెంపుడు జంతువు తల బొమ్మ కూడా ఉండాలి. ఎందుకు బొమ్మ? చదువురాని మనిషికి కూడా అర్థం కావాలని అనిపిస్తుంది నాకు. మీ ఇంట్లో ఏదైనా వెటర్నరీ మందు ఉంటే వీడియో పాజ్ చేసి ఇప్పుడే చూడండి. ఆవు తలో, కుక్క తలో ఒక మూల కనిపిస్తుంది.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. 1940 నాటి చట్టం ఊహించింది ఒక కౌంటర్, దాని వెనక ఒక ఫార్మసిస్ట్, గోడ మీద ఫ్రేమ్ కట్టిన లైసెన్స్. యాప్‌లో ఈ మూడూ కనిపించవు. 2018 ఆగస్టులో కేంద్రం ఈ ఫార్మసీలకు ముసాయిదా రూల్స్ పెట్టింది. అదే ఏడాది డిసెంబర్‌లో లైసెన్స్ లేకుండా ఆన్‌లైన్‌లో మందులు అమ్మొద్దని ఢిల్లీ హైకోర్టు ఆర్డర్ ఇచ్చింది. 2020 మార్చిలో కోవిడ్ టైమ్‌లో, ప్రిస్క్రిప్షన్ తీసుకుని ఇంటికి మందులు పంపడానికి లైసెన్స్ ఉన్న షాపులకు అనుమతి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ చాలా ఆన్‌లైన్ కంపెనీలకు షోకాజ్ నోటీసులు పంపారు. ఈ లాగులాటలో మనకు పట్టుకోవడానికి మిగిలిన గట్టి తాడు మాత్రం అదే పాతది. లైసెన్స్ ఉన్న షాపు, డాక్టర్ చీటీ.

ఒక మాట క్లియర్‌గా చెప్తా. నేను ఆన్‌లైన్‌కి వ్యతిరేకం కాదు. ముసలి కుక్కకి గుండె మాత్ర రోజూ కావాలి, మీ ఊళ్ళో ఎక్కడా దొరకదు. అలాంటప్పుడు ఆన్‌లైన్ నిజంగా ప్రాణం కాపాడుతుంది. సమస్య ఎక్కడంటే, ఆ మూడు ప్రశ్నలు కార్ట్ అడగదు. ఏ జీవికి, ఎంత, ఏ స్థితిలో అని. అది అడిగేది అడ్రస్, పిన్‌కోడ్, యూపీఐ. ప్రిస్క్రిప్షన్ అంటే ఇంకేం కాదు, ఆ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన మనిషి సంతకం పెట్టిన కాగితం.

అందుకే నేను ఇప్పుడు పాటించే పద్ధతి చెప్తా. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ముందు డాక్టర్, తర్వాత యాప్. పెట్‌ని తీసుకెళ్ళి తూయించండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆస్పత్రి ఉంది, ఓల్డ్ సిటీ నుంచి దూరమేం కాదు. చీటీలో మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు అని స్పష్టంగా రాయించుకోండి. అది గర్భంతో ఉందా, పిల్లదా ముసలిదా, ఇంకేమైనా మందులు వాడుతోందా, అన్నీ చెప్పండి. అదే మూడో ప్రశ్న.

రెండోది, సైట్ మిమ్మల్ని పరీక్షించాలి. ప్రిస్క్రిప్షన్ మందుకి ప్రిస్క్రిప్షన్ అడగని సైట్ మీ టైమ్ సేవ్ చేస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అది మొదటి రెడ్ ఫ్లాగ్. కింద దాకా స్క్రోల్ చేసి చూడండి. షాపు అసలు అడ్రస్ ఉందా, డ్రగ్ లైసెన్స్ నంబర్ ఉందా, ఫోన్ చేస్తే ఫార్మసిస్ట్ మాట్లాడతాడా? మన దేశంలో రిటైల్ లైసెన్సులు ఫామ్ 20, ఫామ్ 21 మీద ఇస్తారు. ఆ నంబర్ బిల్లు మీద కూడా ఉండాలి. వాట్సాప్ గ్రూప్‌లో, ఇన్‌స్టా మెసేజ్‌లో మందు అమ్మేవాడికి ఇవేవీ ఉండవు.

మూడోది, టైటిల్ చదవొద్దు, డబ్బా ఫోటో జూమ్ చేసి చదవండి. టైటిల్ రాసేది అమ్మేవాడు, డబ్బా మీద రాసేది తయారుచేసినవాడు. నేను పడ్డ గోతి అదే. ఏ జంతువుకి, ఎన్ని కేజీల బరువుకి, లోపల ఉన్న మందు ఏంటి. పిల్లి ఉన్న ఇంట్లో పెర్మెత్రిన్ అనే మాట కనిపిస్తే వెంటనే వెనక్కి రండి. కుక్కకి వేసినా, పిల్లి దాన్ని ఆనుకుని పడుకుంటే ప్రమాదమే.

నాలుగోది, వచ్చిన పార్సిల్‌ని వీడియో తీస్తూ తెరవండి. మనకు అన్‌బాక్సింగ్ అలవాటే కదా. సీల్ ఉందా, డబ్బా మీద బ్యాచ్ నంబర్, లోపల స్ట్రిప్ మీద బ్యాచ్ నంబర్ ఒకటేనా, ఎక్స్‌పైరీ చెరిపి మళ్ళీ ముద్ర వేసినట్టు ఉందా, స్పెల్లింగ్ తప్పులు ఉన్నాయా. ఏదైనా తేడా ఉంటే వాడకండి. మిగతా చోట్ల కంటే సగం ధరకి వస్తే, ఆ సగం ఎక్కడ మిగిలిందో ఆలోచించండి.

ఐదోది, టీకాలు ఆన్‌లైన్‌లో అస్సలు వద్దు. రేబిస్ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన ఎండకి బైక్ మీద మధ్యాహ్నం తిరిగిన టీకా చూడ్డానికి టీకాలానే ఉంటుంది, పనిచేస్తుందో లేదో మీ కంటికి తెలియదు. పైగా రేబిస్ విషయంలో తప్పు జరిగితే పోయేది కుక్క ఒక్కటే కాదు. మన హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ లాంటి సంస్థ కుక్కలకు రేబిస్ టీకా తయారుచేస్తోంది. డాక్టర్ దగ్గర ఫ్రిజ్‌లో నుంచి తీసి మీ ముందే వేస్తారు. ఇంకేం కావాలి?

చివరిది, మన ఇంటి మందుల డబ్బాని పెట్స్ నుంచి దూరం పెట్టండి. జ్వరం వచ్చింది పాపం అని సగం మాత్ర పెట్టడం ప్రేమే, కానీ లారీకి క్లోరోఫామ్ మీద ఉన్న నమ్మకం లాంటి ప్రేమ. ఏదైనా తేడా జరిగితే గూగుల్ చేస్తూ కూర్చోవద్దు, ఇంట్లో బలవంతంగా వాంతి చేయించొద్దు. డబ్బా పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. మలాయిని కాపాడింది నా లెక్క కాదు, నా జేబులో ఉన్న ఆ డబ్బా. తర్వాత రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కి ఫిర్యాదు చేయండి. నేను చేయలేదు. సిగ్గేసి ఊరుకున్నా. ఆ లిస్టింగ్ చూసి నా తర్వాత ఇంకెవరు కొన్నారో, వాళ్ళ పిల్లి ఏమైందో నాకు తెలీదు. ఈ ఎపిసోడ్ చేయడానికి ఒక కారణం అది కూడా.

నెక్స్ట్ టైమ్ మీరు నయాపూల్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, ఉస్మానియా వైపు ఒకసారి చూడండి. ఆ చుట్టుపక్కలే మన ఊరి వీధి కుక్కలు, ఎవరికీ పేర్లు తెలియని కుక్కలు, ఒక మందు సేఫా కాదా తేల్చడానికి చచ్చిపోయినయ్. అంత జరిగాక కూడా వచ్చిన జవాబు పూర్తిది కాదు. అంత పెద్ద డాక్టర్లకే అంత కష్టమైన ప్రశ్న అది. నాలుగున్నర స్టార్లు చూసి నేను పది సెకన్లలో తేల్చేశా.

మీ ఇంట్లో పెట్‌కి ఇలాంటిదేమైనా జరిగితే కామెంట్‌లో రాయండి. సిగ్గుపడకండి, నేనే ముందు చెప్పేశా కదా. కుక్కో పిల్లో పెంచుకునే మీ ఫ్రెండ్ ఒక్కరికైనా ఈ ఎపిసోడ్ పంపండి. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. మలాయి తరఫున, నా తరఫున, ఖుదా హాఫిజ్, ఉంటా మరి.